జాబ్స్ గొప్పవాడా కాదా తేలితే మీ అబ్బాయి కోర్సు తేలిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. స్టీవ్ జాబ్స్ అంటే పిచ్చి. ఆయనలాగే చదువు ఆపేసి స్నేహితులతో స్టార్టప్ పెడతానని, తనది ప్రొడక్ట్, డిజైన్ లైన్ అని అంటున్నాడు. నేను చాలా ఏళ్లుగా సిస్టమ్స్ ప్రోగ్రామర్‌ని. జాబ్స్ ఒక్క లైను కోడ్ రాయలేదనీ, అసలు గొప్పవాడు సీ భాషనీ, థాంప్సన్‌తో కలిసి యూనిక్స్‌నీ తయారుచేసిన డెనిస్ రిచీ అనీ ఎంత చెప్పినా వినడు. జాబ్స్ నిజంగా మిగిల్చి వెళ్లింది ఏమిటో మీరే తేల్చండి. ప్రొడక్ట్, డిజైన్ మంచిదా, కోర్ ఇంజినీరింగ్ మంచిదా పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: సార్, మీ ఉత్తరంలో జాబ్స్ గురించి ఉన్నంత వివరం మీ అబ్బాయి గురించి లేదు. మీవాడికి ఏ సబ్జెక్టు బాగా వస్తోంది, ఏది ఏడిపిస్తోంది, సొంతంగా ఏదైనా తయారుచేసి ఎవరికైనా చూపించాడా, ఆ స్టార్టప్‌లో ఏం అమ్ముతారట, ఇవేవీ రాయలేదు. రాసిందల్లా ఇంట్లో జరుగుతున్న వాదన. ఇది నాకు కొత్త కాదు. ఒక ఇంట్లో జాబ్స్, ఇంకో ఇంట్లో ఇంకెవరో, కానీ ప్రతిచోటా నన్ను జడ్జి సీట్లో కూర్చోబెట్టి తీర్పు చెప్పమంటారు, ఆ తీర్పు చూపించి పిల్లవాడి నోరు మూయిద్దామని.

సరే, అడిగారు కాబట్టి ఆ గొడవే ముందు చూద్దాం. 2011 అక్టోబరు 5న జాబ్స్ చనిపోయాడు, 56 ఏళ్లకు. వారం తర్వాత రిచీ మరణవార్త వచ్చింది. అదే నెల 24న లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టించిన జాన్ మెకార్తీ పోయాడు. జాబ్స్ కోసం ప్రపంచమంతా కొవ్వొత్తులు వెలిగించింది, మిగతా ఇద్దరి కోసం ప్రోగ్రామర్లు మాత్రమే బాధపడ్డారు. మీలాంటి వాళ్ల కడుపు మంట అప్పటి నుంచీ ఉంది, అందులో న్యాయమూ ఉంది. జాబ్స్ కోడ్ రాయలేదన్న మాట ఆయనతో కలిసి ఆపిల్ పెట్టిన వోజ్నియాక్ కూడా చెప్పాడు. ఆపిల్ వన్, ఆపిల్ టూ కంప్యూటర్లు రెండూ వోజ్నియాక్ డిజైన్లే. మౌస్‌ని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లోనే జనానికి చూపించాడు, కిటికీలూ బొమ్మలూ ఉన్న స్క్రీను జిరాక్స్ వాళ్ల పార్క్ ల్యాబ్‌లో నడుస్తుంటే జాబ్స్ 1979లో వెళ్లి చూసి వచ్చాడు. ఐపాడ్ కంటే ముందే ఎంపీత్రీ ప్లేయర్లు ఉన్నాయి.

ఇంతవరకు మీ వైపు. ఇప్పుడు మీవాడి వైపు కూడా వినండి. జిరాక్స్ చేతిలో అంత మంచి సరుకు ఉండి కూడా దాన్ని మామూలు మనిషి కొనుక్కునే వస్తువుగా చేయలేకపోయింది, ఆ పని 1984లో ఆపిల్ వాళ్ల మెకింటాష్ కంప్యూటర్ చేసింది. జాబ్స్ 1985లో ఆపిల్ నుంచి బయటికి వచ్చి పెట్టిన నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ మొదటి వెబ్ బ్రౌజర్ రాసింది ఆ నెక్స్ట్ కంప్యూటర్ మీదే. ఆ కంపెనీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కుటుంబంలోది. నెక్స్ట్‌ని ఆపిల్ కొన్నాక ఆ సాఫ్ట్‌వేరే మ్యాక్‌లోకి, తర్వాత ఐఫోన్‌లోకి వెళ్లింది. అంటే మీరు పోట్లాడుకుంటున్న ఇద్దరి పనీ ఒకే ఫోన్లో ఉంది సార్. యూనిక్స్‌తో రిచీ, కెన్ థాంప్సన్ వేసిన పునాది లేకపోతే జాబ్స్‌కి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ పునాది మీద ఏం కట్టాలి, ఏది తీసి పారేయాలి అని పట్టుబట్టేవాడు లేకపోతే యూనిక్స్ కొన్ని కోట్లమంది జేబుల్లోకి ఈ రూపంలో వచ్చేదా అన్నదీ అనుమానమే.

మీవాడికి జాబ్స్ గురించి ఏదైనా చెప్పాలనుకుంటే కోడ్ సంగతి వదిలేయండి, అది అతని దగ్గర పనిచేయదు. ఉద్యోగాల సంగతి చెప్పండి. ఒకరి ఇంజినీర్లకు మరొకరు ఉద్యోగాలు ఇవ్వజూపకూడదని ఆపిల్, గూగుల్ లాంటి కంపెనీలు లోపాయికారీగా ఒప్పందాలు చేసుకున్నాయి. 2010లో అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. తర్వాత ఇంజినీర్లు వేసిన దావాలో ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కలిసి 41.5 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. జాబ్స్ స్వయంగా రాసిన మెయిళ్లు అందులో బయటపడ్డాయి. రేపు ఇంజినీరో, డిజైనరో కాబోయే కుర్రాడికి ఇది తెలియాలి. ఇది తెలిసి కూడా ఆయన ప్రొడక్టులు నచ్చాయంటే నచ్చనివ్వండి, అందులో తప్పేమీ లేదు.

ఇక చదువు ఆపేయడం. ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షమే, కారణం మాత్రం వేరు. జాబ్స్ 1972లో రీడ్ కాలేజీలో చేరి ఒక్క సెమిస్టర్‌కే మానేశాడు, నిజమే. పెంచిన తల్లిదండ్రులు దాచుకున్న డబ్బంతా ఫీజులకే పోతోందని మానేశానని ఆయనే చెప్పాడు. మానేశాక కూడా ఏడాదిన్నర దాకా అక్కడే ఉండి నచ్చిన క్లాసుల్లో కూర్చున్నాడు, కాలిగ్రఫీతో సహా. ఈ సగం కథ ఎవరూ చెప్పరు. ఆయన పక్కన ఎవరున్నారో కూడా చెప్పరు. నెక్స్ట్ సాఫ్ట్‌వేర్‌ని నడిపించిన ఎవీ టెవేనియన్ పీహెచ్‌డీ చేసినవాడు. మెకింటాష్ ఐకాన్లు గీసిన సూసన్ కేర్ కూడా అంతే. ఐఫోన్‌కి రూపం ఇచ్చిన జోనీ ఐవ్ ఇండస్ట్రియల్ డిజైన్ కాలేజీలో చదివి వచ్చాడు, జాబ్స్ తర్వాత ఆపిల్‌ని నడిపిన టిమ్ కుక్ ఇంజినీరింగ్ తర్వాత ఎంబీఏ చేశాడు. డిగ్రీ లేనివాళ్లు లేరా అంటే ఉన్నారు, మెకింటాష్ సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసిన బరెల్ స్మిత్ ఆపిల్ సర్వీస్ డిపార్ట్‌మెంట్‌లో రిపేర్లు చేసే టెక్నీషియన్. కానీ ఆయన పని చూశాకే పిలిచారు. ఇక వోజ్నియాక్, అప్పటికే పేరూ డబ్బూ అన్నీ ఉండి కూడా, బర్క్‌లీ యూనివర్సిటీకి తిరిగి వెళ్లి 1986లో డిగ్రీ పూర్తి చేశాడు. మీవాడికి ఇది చెప్పి చూడండి, మొహం చూడాలని నాకు కూడా సరదాగా ఉంది.

జాబ్స్‌లా ఉండాలనుకున్న అందరి కథా ఒకలా ముగియలేదు కూడా. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ మధ్యలో వదిలి, జాబ్స్ వేసుకునే నల్ల టర్టిల్‌నెక్ లాంటిదే వేసుకుని, థెరనోస్ అనే రక్తపరీక్షల కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌కి ఇన్వెస్టర్లను మోసం చేసినందుకు 2022లో పదకొండేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. మీవాడు మోసగాడని కాదు నా ఉద్దేశం. ఏం కాపీ కొడుతున్నామో చూసుకోవాలి కదా.

ఈ "ప్రొడక్ట్ లైన్" మీద నాకు చాలా అనుమానాలున్నాయి, ఇది ఫ్యాషన్ అయ్యాక ఇంకా పెరిగాయి. కుర్రాళ్లు ఊహించేది వేదిక మీద కొత్త వస్తువు చూపించే మనిషిని. చేరాక ఉండేది మీటింగులు, ప్రొడక్టు ఎలా ఉండాలో చెప్పే స్పెక్స్ రాయడం, కస్టమర్ల ఫిర్యాదులు చదవడం, ఇంజినీర్ని డెడ్‌లైన్ అడిగి తిట్లు తినడం. బాధ్యత నీది, అధికారం ఇంకొకరిది. మంచి పనే, నచ్చినవాళ్లు అందులో చాలా బాగా రాణిస్తారు, కానీ ఇంతవరకు ఏదీ తయారుచేయని కుర్రాడి చేతిలో ఏ కంపెనీ ఈ పని పెద్దగా పెట్టదు. కొన్ని వారాల్లో మీలో ఉన్న విజనరీని బయటికి తీస్తామనే సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు కట్టకండి, కట్టేలోపు అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కోండి. డిజైన్ సంగతి వేరు. అది సొంతంగా ఒక విద్య, ఏళ్లు పడుతుంది. దానిలోకి వెళ్తానంటే వెళ్లనివ్వొచ్చు, అయితే అది చదువు మానేయడం కిందకి రాదు, ఇంకో చదువులో చేరడం అవుతుంది. కోర్ ఇంజినీరింగ్ గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే అందులో ఉన్నారు. కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసినవాడు తర్వాత మిగతా రెండిటిలోకీ వెళ్లగలడు, ఎదురు దిక్కులో రావడం కష్టం. పోలిక ఇంతే సార్, ఇంతకంటే పొడిగించినా మీకు పనికొచ్చేది ఉండదు.

ఒకటి మాత్రం కాస్త కటువుగా చెప్పాలి. మీరు జాబ్స్‌ని తిడుతున్నప్పుడు మీవాడికి వినిపించేది "నీకు నచ్చింది చెత్త" అని. మీవాడు జాబ్స్‌ని పొగుడుతున్నప్పుడు మీకు వినిపించేది "నువ్వు ఇన్నాళ్లు చేసిన పని ఎవరికి కావాలి" అని. మీ ఉత్తరం అడుగున ఉన్న బాధ ఇదేననిపించింది, తప్పయితే క్షమించండి. పేరు రాని పని చేసేవాళ్లందరికీ ఉండే బాధే ఇది. కానీ రిచీని ఎవరూ పట్టించుకోలేదన్నది కూడా పూర్తి నిజం కాదు, థాంప్సన్‌తో కలిసి ఆయనకు 1983లోనే కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మీ పని విలువ మీ కొడుకు ఒప్పుకుంటేనే ఉంటుందా? పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద ఆ బరువు పెట్టకండి. ఎప్పుడైనా మీ పనిలో ఒక పాత బగ్ ఎలా పట్టుకున్నారో చెప్పారా అతనికి, పాఠంలా కాకుండా? చెప్పి ఉండరు.

టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు. రెండో సంవత్సరంలో ఇలా అనని పిల్లలే తక్కువ, వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకటి చేసి చూసి, సర్దుకుని, తమ దారి తాము వెతుక్కుంటారు. వదిలేస్తానన్న మాటకు వెంటనే అవును, కాదు చెప్పకండి. సెమిస్టర్ సెలవు తీసుకుని తిరిగి చేరే వీలుందా, ఎంతకాలంలోపు చేరాలి అని కాలేజీని రాతపూర్వకంగా అడగమనండి, మీరు అడగొద్దు. ఈలోగా తను అనుకున్న ప్రొడక్టు చిన్నదే అయినా తయారుచేసి, బంధువులూ స్నేహితులూ కాని మనుషులతో వాడించి, వాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకోమనండి. ఇది చేయడం ఇష్టంగా ఉందంటే అప్పుడు మాట్లాడదాం, నాకు నేరుగా అతన్నే రాయమనండి.

స్టార్టప్ పెట్టే తీరతామంటే ఎవరి వాటా ఎంత, ఎవరు ఏ పని చేయాలి, మధ్యలో వెళ్లిపోతే ఏమిటి అన్నది ముందే కాగితం మీద పెట్టుకోమనండి. ఆపిల్ కూడా 1976 ఏప్రిల్ 1న అలాంటి కాగితంతోనే మొదలైంది, అందులో పది శాతం వాటా ఉన్న మూడోవాడు రోనాల్డ్ వేన్ కొద్ది రోజులకే 800 డాలర్లు తీసుకుని తప్పుకున్నాడు. స్నేహితులే కదా, కాగితాలెందుకు అని మీవాడు అంటాడు. అనగానే వాదనకు దిగకండి, ఆ కాగితం రాసుకునేదాకా డబ్బు మాత్రం ఇవ్వకండి.