డీఎన్ఏ నివేదిక అడవికి పనికిరావాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వన్యప్రాణుల జన్యు పరీక్షల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అటవీ సిబ్బంది, విద్యార్థులు రాసినవే. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పులిని చారలను బట్టి కెమెరాలే గుర్తుపడుతున్నాయి కదా, మళ్లీ జన్యు పరీక్షలకు అంత ఖర్చెందుకు? ఆ నివేదికల వల్ల అడవిలో మారిందేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: ఏ పులి ఎక్కడ తిరిగిందో కెమెరా చెబుతుంది. అది ఏ తల్లి పిల్ల, ఏ అడవి నుంచి వచ్చింది, జతకట్టబోయేది దాని తోబుట్టువేనా అన్నది చారలు చెప్పలేవు. చారలు లేని ఏనుగుల సంగతి సరేసరి. 2025లో వెలువడిన జాతీయ ఏనుగుల గణనలో 21,056 లద్దె నమూనాల నుంచి 4,065 ఏనుగులను డీఎన్ఏతో విడివిడిగా గుర్తించి, దేశం మొత్తానికి 22,446 అనే అంచనాకు వచ్చారు.

నివేదిక వల్ల అడవిలో పని జరిగిందా అంటే, జరిగింది. ఒడిశాలోని సిమిలిపాల్‌లో చారలు వెడల్పుగా పరుచుకుని ఒళ్లు నల్లగా కనిపించే పులులున్నాయి. టాక్‌పెప్ అనే జన్యువులో వచ్చిన ఒక చిన్న మార్పే దీనికి కారణమని బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే వస్తే తప్ప ఈ నలుపు బయటపడదు. వేరే అడవుల్లో దాదాపు కనిపించని ఈ లక్షణం ఇక్కడ ఇన్ని పులుల్లో ఉందంటే, బయటి పులులు రాక, ఉన్న కొద్దిపాటి కుటుంబాల మధ్యే జతలు కుదురుతున్నాయని అర్థం. సందర్శకులకు అది అందంగా కనబడవచ్చు, కానీ సంరక్షణ దృష్టితో చూస్తే అది హెచ్చరిక. అందుకే 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను అక్కడికి తెచ్చారు.

ఆ తర్వాత జీనత్ సిమిలిపాల్ దాటి జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ చేరింది. డిసెంబరు ఆఖర్లో బాంకురా జిల్లాలో మత్తు ఇచ్చి పట్టుకుని వెనక్కి తేవాల్సి వచ్చింది. బయటి రక్తం అవసరమన్నంత వరకే జన్యు నివేదిక చెప్పగలదు. తెచ్చిన పులి కొత్త చోట నిలదొక్కుకోవడానికి కావలసిన వేట జంతువులు, ముందుగా ఉంచే ఎన్‌క్లోజర్, రేడియో కాలర్ వెంట తిరిగే సిబ్బంది, చుట్టుపక్కల ఊళ్లకు సమాచారం, ఇవన్నీ క్షేత్రంలో ఉన్నవారికే తెలిసిన విద్య. శాస్త్రవేత్తలూ అటవీ సిబ్బందీ మొదటి రోజు నుంచీ కలిసి కూర్చోవాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను (ఒక రకం పెద్ద పిల్లులను) తెచ్చి వదిలితే వాటిలో అయిదే పిల్లల్ని పెట్టాయి. ముప్ఫైకి మించని ఫ్లోరిడా ప్యూమాల సంఖ్య పుంజుకోవడానికి ఆ అయిదే చాలాయి. ఎనిమిదికి అయిదు అన్న లెక్క తెలిస్తే ఒకటీ రెండూ తెచ్చి ఊరుకోకూడదని కూడా తెలుస్తుంది.

ప్రశ్న: మా రేంజిలో పులి స్కాట్ (మలం) సేకరించి పంపితే చాలా వాటికి "డీఎన్ఏ లభించలేదు" అని జవాబు వస్తోంది. లోపం మా దగ్గరా, ల్యాబ్‌లోనా?
– శిక్షణలో ఉన్న అటవీ అధికారి, దూలపల్లి

జవాబు: ఎక్కువసార్లు ల్యాబ్‌కు చేరకముందే నమూనా పాడైపోతుంది. పులి డీఎన్ఏ ఉండేది మలం మీది పల్చటి జిగురు పొరలో. పేగు గోడ నుంచి రాలిన కణాలు అక్కడే అంటుకుంటాయి. లోపల ఉండే వెంట్రుకలు, ఎముకలు పులి తిన్న జంతువువి. అవి ఆహార అధ్యయనానికి పనికొస్తాయి కానీ పులిని గుర్తించడానికి కాదు. కాబట్టి మధ్యలోంచి ముద్ద తీయకండి. పైపొరను శుభ్రమైన స్వాబ్‌తో రుద్ది తీయండి, లేదా కొత్త పుల్లతో పలచగా గీకండి. ఎండకూ వానకూ ఈ పొరే ముందు పోతుంది. తెల్లగా సుద్దలా మారిన పాత మలంతో ట్యూబులు నింపితే ఖర్చే మిగులుతుంది. ఉదయం పూట, నీడలో దొరికిన, మెరుపు తగ్గని నమూనాకు ప్రాధాన్యమివ్వండి. పులీ చిరుతా తమ హద్దులు చాటుకోవడానికి మలాన్ని వాడతాయి కనుక మొత్తం ఎత్తుకురాకుండా కొంత అక్కడే వదలాలి.

నిల్వ విషయంలో చేయకూడనివి రెండున్నాయి. మొదటిది ఫార్మలిన్. అది డీఎన్ఏను ప్రొటీన్లతో బిగించి ముక్కలు చేస్తుంది, ఆ తర్వాత ఏ ల్యాబూ ఏమీ చేయలేదు. రెండోది తడి మలాన్ని జిప్‌లాక్ కవర్లో మూసేయడం. మర్నాటికే బూజు మొదలవుతుంది. 95 శాతానికి తగ్గని ఇథనాల్ వాడండి, నమూనా ఒక వంతైతే ఇథనాల్ నాలుగు వంతులుండాలి. ఇథనాల్ దొరకకపోతే కాగితపు కవర్లో పెట్టి, గ్రాము మలానికి నాలుగు గ్రాముల లెక్కన సిలికా జెల్‌తో డబ్బాలో ఉంచండి. గింజల రంగు మారిందంటే తేమ పట్టిందని గుర్తు, వెంటనే మార్చాలి. స్వాబ్ అయితే ల్యాబ్ ఇచ్చే లైసిస్ బఫర్‌లో (డీఎన్ఏను నిలవ ఉంచే ద్రావణంలో) ముంచితే చాలు, ఫ్రిజ్ లేని బేస్ క్యాంపులో కూడా కొన్ని వారాలు నిలుస్తుంది.

చేతి తొడుగులు ప్రతి నమూనాకూ మార్చాలి. ఒకే జత వేసుకుని పది తీస్తే మొదటి పులి డీఎన్ఏ పదో ట్యూబులోనూ ఉంటుంది. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి. మార్కర్ సిరాను ఇథనాల్ చెరిపేస్తుంది, అంకె పోయిన ట్యూబు చెత్తబుట్టకే. పెన్సిల్‌తో రాసిన చీటీ ట్యూబు లోపల ఒకటి వేసి, బయట ఇంకొకటి అంటించండి. తేదీ, బీటు, కంపార్ట్‌మెంట్ (అటవీశాఖ అడవిని విభజించుకున్న చిన్న భాగాలు), జీపీఎస్ అంకెలు (అందరూ ఒకే పద్ధతిలో, దశాంశ డిగ్రీల్లో), మలం ఎంత పాతదో మీ అంచనా, ఇవి ఉంటేనే ఫలితం మ్యాపు మీదికి ఎక్కుతుంది.

ఇక ల్యాబ్‌ను మీరూ కొన్ని ప్రశ్నలు అడగాలి. పాతబడిన డీఎన్ఏలో ఒక్కోసారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు రూపాల్లో ఒకటే పరీక్షలో కనబడుతుంది. రెండోది జారిపోతే అదే పులి వేరే పులిలా లెక్కకొస్తుంది, అంటే మీ రేంజిలో లేని పులులు కాగితం మీద పుడతాయి. అందుకే ఒక్కో నమూనాను కనీసం మూడుసార్లు విడివిడిగా పరీక్షించాలి. ఎన్నిసార్లు చేశారు, పొరపాటు శాతం ఎంత, తోబుట్టువులు రెండింటిని ఒకటే అనుకునే అవకాశం ఎంత అని రాతపూర్వకంగా తీసుకోండి. డీఎన్ఏలో పదేపదే వచ్చే ముక్కల పొడవును కొలిచే మైక్రోశాటిలైట్ పద్ధతిలో రెండు ల్యాబుల అంకెలు నేరుగా సరిపోలవు, వాటిని పోల్చాలంటే ఉమ్మడి నమూనాలు నడపాలి. డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాను చూసే ఎస్‌ఎన్‌పీ పద్ధతి అయితే ఆ తలనొప్పి తక్కువ. పొరుగు రాష్ట్రంతో లెక్క కలపాల్సి ఉంటే మొదట్లోనే ఈ సంగతి తేల్చుకోవాలి.

ప్రశ్న: అడవి పంది మాంసం పట్టుకున్నాం. పరీక్షలో "సస్ స్క్రోఫా" అని వచ్చింది. ఊరపంది అంటూ నిందితుడు వాదిస్తున్నాడు. పరీక్ష తప్పా?
– సెక్షన్ ఆఫీసర్, పేరు వద్దన్నారు

జవాబు: పరీక్ష తప్పు కాదు, అడిగిన ప్రశ్నకు అది సరిపోలేదు. ఊరపందీ అడవి పందీ ఒకే జాతి, రెండింటి శాస్త్రీయ నామమూ సస్ స్క్రోఫానే. జాతిని గుర్తించడానికి సాధారణంగా మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు చదువుతారు. కణంలో దాని కాపీలు వందలాదిగా ఉంటాయి కనుక వండిన మాంసంలో కూడా దొరుకుతుంది. ఏ జంతువు విషయంలోనైనా పనిచేసే ప్రైమర్లను (పరీక్షలో ఆ జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలను) హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలే 2003లో ప్రచురించారు. దుప్పి, కణితి, కృష్ణజింక, మేక లాంటివాటిని వేరు చేయడానికి అది భేషైన సాధనం. అడవి పందీ ఊరపందీ, అడవికోడీ నాటుకోడీ, తోడేలూ కుక్కా విషయంలో మాత్రం ఆ ఒక్క పరీక్ష మీద కేసు నిలబెట్టకండి. అవి కేంద్రక డీఎన్ఏతోనే తేలాలి. అందుకు మీ ప్రాంతపు అడవి పందులవీ ఊరపందులవీ ముందే సేకరించిన నమూనాలు పోలికకు కావాలి. పట్టుకున్నప్పుడే తల, తోలు, గిట్టలు, మెడ మీది బిరుసు వెంట్రుకలు పంచనామాలో రాసి, ఫొటో తీసి సీలు చేస్తే డీఎన్ఏ చెప్పలేనిది అవి చెబుతాయి. దరఖాస్తులో కూడా "ఇది ఏ జంతువు?" అని కాక "ఇది అడవి పందా, ఊరపందా?" అని సూటిగా అడగండి. చేతకాకపోతే ల్యాబ్ ముందే చెబుతుంది.

ప్రశ్న: నెహ్రూ జూ పార్కులో పెంచిన మూషిక జింకలను అడవిలో వదిలారని చదివాను. జూలో పెంచడానికి జన్యుశాస్త్రం ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, బహదూర్‌పురా

జవాబు: 2010లో సీసీఎంబీ వారి లాకోన్స్‌తో (అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాలతో) కలిసి మొదలైన పెంపకం అది. 2017లో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదలడం మొదలైంది. మొదలుపెట్టినవి కొద్ది జంతువులే కావడంతో ఎవరికి ఎవరు పుట్టారో రాసిపెట్టకపోతే నాలుగు తరాల్లో అన్నీ దాయాదులవుతాయి. సంతానానికి నిజంగా తోడ్పడే జంతువుల సంఖ్య 10 అయితే తరానికి 5 శాతం చొప్పున వైవిధ్యం పోతుంది, పది తరాలకు సుమారు 40 శాతం. ఒక బలమైన మగదే ఎక్కువ పిల్లలకు తండ్రి అయితే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. దీనికి మందు స్టడ్‌బుక్ (ఏది ఎవరికి పుట్టిందో రాసే పుస్తకం), మైక్రోచిప్, తక్కువ సంతానం ఉన్న జంతువుకు ముందుగా జతకట్టే అవకాశం, అప్పుడప్పుడూ వేరే చోటి నుంచి కొత్త జంతువు. అడవిలో వదిలేటప్పుడు ఒకే తల్లి పిల్లల్ని గంపగుత్తగా పంపకూడదు.

ప్రశ్న: తాడోబా నుంచి కాగజ్‌నగర్ మీదుగా కవ్వాల్‌కు పులుల దారి మీద పీహెచ్‌డీ చేయాలనుంది. అది అటవీశాఖకు నిజంగా పనికిరావాలంటే ఎలా చేయాలి?
– పరిశోధక విద్యార్థి, తార్నాక

జవాబు: ప్రతిపాదన రాసే ముందే ఆ ప్రాంతపు అటవీ అధికారి (డీఎఫ్‌ఓ)ని కలిసి ఒక్క మాట అడగండి: "నా ఫలితం ఎలా వస్తే మీరు ఏ నిర్ణయం మారుస్తారు?" అండర్‌పాస్ ఎక్కడ కట్టాలన్నదా, ఏ బీటుకు ఎక్కువ మంది సిబ్బంది అన్నదా? దానికి జవాబు రాకపోతే మీ ప్రశ్న ఇంకా పక్వానికి రాలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతికి సమయం పడుతుంది, మొదటి సంవత్సరం పనిలో దాన్ని లెక్కవేసుకోండి.

ఒక ఉచ్చు గురించి ముఖ్యంగా హెచ్చరిస్తున్నాం. రెండు అడవుల పులుల మధ్య సగటు జన్యు వ్యత్యాసం పెరగడానికి తరాలు పడుతుంది. నాలుగేళ్ల కిందట పడిన రోడ్డు దారిని పూర్తిగా మూసేసినా మీ అంకెలో తేడా కనబడదు. "వ్యత్యాసం లేదు, కనుక రోడ్డుతో ఇబ్బంది లేదు" అని ఎవరైనా మీ థీసిస్ చూపించి వాదిస్తే అడవికి కీడు చేసినవారవుతారు. ఇటీవలి రాకపోకలు తెలియాలంటే ఒక్కో పులి తల్లిదండ్రులను, పుట్టిన అడవిని గుర్తించే పద్ధతులు వాడండి. తాడోబాలో పుట్టిన పులి కవ్వాల్‌లో దొరికితే దారి ఇంకా బతికే ఉందని అర్థం. దొరకకపోతే దారి మూసుకుపోయిందని కాదు, నమూనాలు చాలలేదేమో చూడాలి.

ఫలితాలు వచ్చాక పత్రిక ప్రచురణ కోసం ఆగకుండా తెలుగులో రెండు పేజీలు రాయండి. బీట్ల పేర్లున్న మ్యాపు, తప్పనిసరిగా కాపాడాల్సిన చోట్లు, మీ అంచనా ఎంత నమ్మదగిందో మామూలు మాటల్లో. అటవీశాఖ తన పని ప్రణాళికను (వర్కింగ్ ప్లాన్) పదేళ్లకోసారి రాస్తుంది, అది రాసే సమయానికి అందకపోతే మరో పదేళ్లు ఎదురుచూడాలి. తేదీ కనుక్కుని వెనక్కి లెక్కవేసుకుని పని ముగించండి. మిగిలిన డీఎన్ఏ ట్యూబులను అటవీశాఖ అనుమతి నంబరుతో జాబితా రాసి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి, జాబితా ఒక ప్రతి రేంజి కార్యాలయంలో ఇవ్వండి. మీ తర్వాత వచ్చే విద్యార్థి అదే దారిలో మళ్లీ నమూనాలు తీసి పోల్చగలగాలంటే ఆ ట్యూబులు కావాలి.