జింకు అరగకపోతేనే భయపడు

అల్లుడూ,

ఇనప బోటు తీసుకున్నావని అక్క ఫోన్లో చెప్పింది. మురిసిపోయాను, ఆ వెంటే గుండె గుభేలుమంది. ఇనప ఒళ్లు, కంచు ప్రొపెల్లర్, దాన్ని తిప్పే స్టీలు షాఫ్టు కలిసి ఉప్పునీళ్లలో ఉంటే అదో బ్యాటరీయే. అందులో ముందు పోయేది ఇనుము, అదీ ప్రొపెల్లర్ దగ్గర. దాని బదులు కరగడానికే నీళ్లలో ఉండే ఒంటికి బిగించే జింకు పలకలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కదా, అప్పుడే బోటుని నీళ్లలోంచి లాగి స్లిప్‌వే ఎక్కించు. గుల్లలు గీకించు, సగం అరిగిన పలకలు మార్పించు.

ఇక హార్బర్లో ఏటా చూసే తప్పు. రంగులేసే కుర్రాళ్లు చుక్కానితో పాటు జింకుకీ ఓ కోటు కొట్టేస్తారు. రంగు పడ్డ జింకుకి నీళ్లు తగలవు, అది కరగదు. ఏడాది తర్వాత పలక కొత్తదానిలా ఉంటే ఓనరు "భలే సరుకు" అని మురిసిపోతాడు. వెర్రివాడా, అది పని చెయ్యలేదురా! దాని బదులు చుక్కాని పిన్ను సన్నబడిపోయింది. రంగు మీదే పలక బిగించినా ఇంతే. కింద ఇనుము తళతళలాడేదాకా గీకి బిగించు. తర్వాత మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి ఒక వైరు జింకుకి, రెండోది ఒంటి మీద గీకిన చోట ఆనించు. ఒక ఓమ్ లోపే రావాలి, లేదంటే విప్పి మళ్లీ గీకు. పలకలోని ఇనప పట్టీని ఒంటికి వెల్డింగ్ చేయిస్తే ఇంకా మంచిది. తుక్కు కరిగించి పోసిన చవక పలకలు కొనకు. జింకులో ఇనుము కాస్త కలిసినా పైన పెంకు కట్టి పని ఆపేస్తుంది.

ఒంటి మీది జింకే షాఫ్టుని కూడా కాస్తుందని నమ్మకు, గేరుబాక్సులోని నూనె పొర మధ్యలో కరెంటుకి అడ్డుపడుతుంది. షాఫ్టుకి దాని జింకు రింగు దానికే వెయ్యి. గోదావరి మొగల్లో నీళ్లు చప్పబడే చోటే బోటు ఎక్కువగా కట్టేస్తే జింకు బదులు అల్యూమినియం పలకలు వేసుకో. మెగ్నీషియం మాత్రం సముద్రంలో వద్దు, రంగు బొబ్బలెక్కిపోతుంది. ప్రొపెల్లర్ మీద గులాబీ మచ్చలు కనిపిస్తే సుత్తితో తట్టు. ఖంగుమనకుండా మొద్దుగా మోగితే ప్రొపెల్లర్ లోహంలో కలిసున్న జింకు పోయినట్టే.

వెల్డింగ్ మాటకొస్తే నాకు చచ్చేంత భయం. నీళ్లలో ఉండగా చేయిస్తే ఎర్త్ క్లాంపు నీ బోటుకే, అతుకు పక్కనే పెట్టించు. పక్క బోటుకో జెట్టీకో పెడితే కరెంటు నీళ్లగుండా పోతూ, ఏళ్లలో తినాల్సిన ఇనుమును రోజుల్లో తినేస్తుంది. బోటు అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు వైర్ల అతుకులు కూడా ఆ నీళ్లలో నాని కరెంటు కారకుండా పైకెత్తి కట్టించు.

రంగులవాళ్లకి చివరి డబ్బులు జింకు పలకలు నీ కళ్లతో చూశాకే ఇవ్వు. అన్నం వేళకి తిను.

మీ మావయ్య