చెప్పుల సైజు పెరుగుతోంది, ఫ్లోరైడ్ వల్లేనా?

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్లు, బత్తాయి తోట చేస్తారు. నాలుగేళ్లలో చెప్పుల సైజు 8 నుంచి 10కి పోయింది. పెళ్లి ఉంగరం కోయించి తీశాం. పళ్ల మధ్య సందులు వచ్చాయి, గురక ఎక్కువైంది, షుగర్ కూడా బయటపడింది. ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?
– ఒక సోదరి, మునుగోడు

జవాబు: అమ్మా, మన నల్గొండలో ఎముకల బాధ ఏదొచ్చినా ఫ్లోరైడ్ అనుకోవడం సహజమే. ఫ్లోరైడ్‌తో కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి కానీ చేతులు, పాదాలు, దవడ ఇలా పెరగవు. మీరు ఉంగరం సంగతి రాయడం చాలా మంచిదైంది. నాకు అక్రోమెగలీ అనే అనుమానం వస్తోంది. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దానిలో గడ్డ వస్తే గ్రోత్ హార్మోన్ ఎక్కువవుతుంది. పెద్దవాళ్లలో ఎత్తు పెరగదు, ఎముకలు మందమవుతాయి. ఇది క్యాన్సర్ గడ్డ కావడం చాలా అరుదు, ఆ టెన్షన్ వద్దు. కానీ వదిలేస్తే గుండె దెబ్బతింటుంది.

ముందు గ్రోత్ హార్మోన్ ఎక్కువైందా అని చెప్పే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష చేయించండి. ఎక్కువగా వస్తే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి గ్రోత్ హార్మోన్ తగ్గుతోందా లేదా చూస్తారు, తర్వాత ఎమ్మారై. హైదరాబాద్ నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం), న్యూరోసర్జరీ రెండూ ఉన్నాయి. గడ్డను ఎక్కువగా ముక్కు లోపలి నుంచే తీస్తారు. ఇంకా మిగిలితే నెలనెలా ఇంజెక్షన్లు ఉంటాయి. పెరిగిన ఎముక తగ్గదు కానీ వాపు, చెమటలు, షుగర్ చాలావరకు తగ్గుతాయి.

వెళ్లేటప్పుడు మీ పెళ్లి ఫోటో తీసుకెళ్లండి. ముఖంలో మార్పు డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది.