బంతి కుట్లు కనబడుతున్నయా

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ల చెప్పింది. మీ హాకీ కోచ్ సార్‌కు హైదరాబాద్‌ల అకాడమీ జాబ్ వచ్చి పోయిండట, కొత్త సార్ ఎప్పుడొస్తడో ఎవ్వరికి తెల్వదట, ఇరవై రోజులల్ల టోర్నమెంట్ పెట్టుకొని కెప్టెన్‌ను నేనున్న కదా, ప్రాక్టీస్ నేనే నడిపిస్త అన్నవట. వినంగనే మస్తు సంతోషమైంది, మా ఇంటి పిల్ల గట్ల నిలబడ్డదని. కని "పొద్దుగాల ఐదింటికి, మళ్ల మాపటికి చీకటయ్యేదాంక" అన్నవని గూడ చెప్పింది చూడు, ఆ మాట కాడ నాకు బుగులు పట్టుకున్నది. తెల్లారేదాంక నిద్ర పట్టలే, లేవంగనే ఇది రాస్తున్న. ఇంత పెద్ద పని నెత్తిన పెట్టుకొని పెద్దమ్మకు ఒక్క ఫోన్ చెయ్యవా? ముప్పై ఏండ్లు పీఈటీగ పిల్లలను ఆడిపిచ్చినదాన్ని, నన్ను అడగక ఇంకెవర్ని అడుగుతవ్?

సరే, సులువైనయి ముందు చెప్త. సార్ చేయిపిచ్చిన డ్రిల్స్ అన్ని అందరు కూసొని ఒక నోట్‌బుక్‌ల రాసుకోండ్రి, మర్చిపోకముందే. గ్రౌండ్ తాళం, కిట్ రూమ్ తాళం ఎవరి దగ్గరుంటదో పీడీ సార్‌ను అడిగి ఖాయం చేస్కో. ఐస్, దూది, కట్టు గుడ్డ బ్యాగుల ఉండాలె. గోల్‌కీపర్ పిల్లను వార్మప్ లేకుండ గోల్‌ల నిలబెట్టకు.

కోచ్ మారుడు హాకీల కొత్తేం కాదు. 2023 జనవరిల ఒడిశా వరల్డ్ కప్ అయిపోంగనే మన మగపిల్లల టీమ్ కోచ్ గ్రాహమ్ రీడ్ రిజైన్ చేసిండు, ఇగ వీళ్ల పని అయిపోయింది అనుకున్న నేనైతే. క్రెయిగ్ ఫుల్టన్ వచ్చిండు, హర్మన్‌ప్రీత్ సింగ్ కెప్టెన్సీల అదే ఏడాది అక్టోబర్‌ల హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టిన్రు. ఆడపిల్లల సంగతి ఇంకో తీరు. టోక్యో ఒలింపిక్స్‌ల నాలుగో ప్లేస్‌దాంక తీస్కపోయిన కోచ్ మరీన్ పోయిండు, 2024 జనవరిల రాంచీల జపాన్ చేతిల 1-0తోని ఓడి పారిస్‌కు పోలేకపోయిన్రు. ఆ దినం టీవీ ముంగట కూసొని ఏడ్చిన. కని వాళ్లకు హెడ్ కోచ్ పోయినా ఫిజియో ఉంటడు, ట్రైనర్ ఉంటడు. మీకు అన్ని సారే గదా, ఇప్పుడు గ్రౌండ్‌ల మీ పదహారు మందే, పెద్దోళ్లు ఒక్కరు లేరు. నా పరేషాన్ అంత అదే.

నీకు ఇన్నేండ్లు ఒకటి చెప్పలే. మీ అమ్మకు గూడ సగమే తెలుసు.

1986ల నేను కాలేజీ టీమ్ కెప్టెన్‌ను, సెంటర్ హాఫ్ ఆడేదాన్ని. మా సార్‌కు ఒక అలవాటుండె. పొద్దుగూకే టైముకు బంతి చేతిల పట్టుకొని పది అడుగుల దూరం నిలబడి "కుట్లు కనబడుతున్నయా?" అని అడిగేటోడు. అప్పుడు తోలు బంతులు, తెల్ల రంగు ఏసినయి, చుట్టు కుట్లు ఉండేటివి. కనబడతలెవ్వు అంటే ఇగ చాలు, స్టిక్స్ కట్టుండ్రి అనేది. ఎంత బతిమిలాడినా ఇంకొక్కటి కొట్టనియ్యకపోయేది. ఇంటికి తొందరగ పోనీకే గిట్ల చేస్తడు అని మేము గుసగుస పెట్టుకునేది.

నవంబర్‌ల సార్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. టోర్నమెంట్‌కు ఇంక పదకొండు దినాలే ఉన్నయి. సార్ లేకున్నా ఏం తక్కువ చెయ్యమని చూపియ్యాలె అని నాకు పట్టుదల, అందర్ని ఆపి పెనాల్టీ కార్నర్లు కొట్టుడు పెట్టిన, అంటే గోల్ లైన్ కాడికెల్లి ఒకరు బంతి తోస్తే దాన్ని గోల్‌కు కొట్టుడు. కొట్టేది నేను. నా హిట్ గోల్ లోపటి బోర్డుకు, అంటే 18 ఇంచులకు, మించి లేవదని నాకు నమ్మకం. ఫస్ట్ రష్, అంటే కొట్టేదాని మీదికి అందరికన్న ముందు ఉరికి ఆపనీకె వచ్చేది, పరకాల దిక్కు ఊరి పిల్ల, ఫస్ట్ ఇయర్, అందరికన్న చిన్నది. చీకటి పడ్డది, బంతి తెల్లగ కదులుతున్నట్టే ఉన్నది గని కుట్లు ఎక్కడివి. "అక్కా, చాలక్కా" అన్నది ఆ పిల్లనే. "ఇంకొక్కటి" అన్న.

మట్టి గ్రౌండ్, యాడనో చిన్న రాయి తాకి బంతి లేచింది. సప్పుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఆ పిల్ల ఏడవలే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కూసున్నది, వేళ్ల సందుల నుంచి నెత్తురు కారుతున్నది. ముంగటి పండ్లు రెండు పోయినయి. నేను అగ్గిపుల్లలు గీసుకుంట మట్టిల ఏరిన, ఒకటి దొరికింది. నా దస్తీల మూటగట్టుకొని రిక్షాల దవఖానకు తీస్కపోయిన, డాక్టర్ ఆ దస్తీ దిక్కు చూసి ఇప్పుడిది పనికిరాదమ్మా అన్నడు.

తెల్లారి మొదటి బస్సుకు వాళ్ల నాయిన వచ్చిండు. తిడ్తడు అనుకున్న, తిట్టినా బాగుండు. "చీకట్ల ఎందుకాడిన్రు బిడ్డా?" అని అడిగిండు, అంతే. ఆ పిల్ల మళ్ల గ్రౌండ్‌కు రాలే. పదేండ్లకు ఒక పెండ్లిల కనబడ్డది, నన్ను మంచిగనే పలకరించింది, నవ్వినప్పుడల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పండ్లు కట్టిచ్చుకున్నది, అయినా గూడ.

గందుకే చెప్తున్న, మీ సార్ చేసిన పనులల్ల మీకు కనబడనిది ఆపుడు. ఉరికిపిచ్చుడు ఎవరైన చేస్తరు, నువ్వు ఇంక ఎక్కువనే చేస్తవ్ నాకు తెలుసు. ఆపేటోళ్లు ఎవరు? నువ్వైతే కాదు, నువ్వు ఆడుతుంటవ్ కాబట్టి నీకు ఇంకొక్కటి అనే అనిపిస్తది. ఆట నుంచి బయట నిలబడే పిల్లను ఒకర్ని పెట్టు, గాయమై కూసున్న పిల్లయితే ఇంక మంచిది, ఆమె చాలు అంటే నువ్వు గూడ మాట్లాడొద్దు. మీ బంతులకు కుట్లు ఉండవు, గుంటలుంటయి, పది అడుగుల నుంచి ఆ గుంటలు కనబడాలె. ఇప్పుడు డ్రాగ్ ఫ్లిక్కులు, అంటే బంతిని స్టిక్‌తోని ఈడ్చి విసురుడు, బంతి మొఖం ఎత్తుకు వస్తది, 160 గ్రాముల గట్టి బంతి. కార్నర్‌ల గోల్‌కీపర్ గాక నలుగురు ఆపనీకె ఉంటరు గదా, ఆ నలుగురికి మాస్కులు లేకుంటే ఫ్లిక్ ప్రాక్టీసే వద్దు. పైసలు లేవంటే నాకు చెప్పు, సిగ్గుపడకు.

ఇంకోటి, కొత్త సార్ వచ్చినంక మొదటి వారం "మా సార్ గిట్ల చెప్పలే" అని ఎవ్వరు అనొద్దు. పాత సార్‌కు ఒక్కసారి ఫోన్ చేసి ఏ పిల్లకు ఏ మోకాలు నొప్పో, ఎవరు నొప్పి దాస్తరో అడిగి రాసుకో.

నీకు ఏడేండ్లప్పుడు నేను కోసిచ్చిన పొట్టి స్టిక్ పట్టుకొని మా వాకిట్ల సీతాఫలం కాయలు కొట్టేదానివి, నీ ముంగటి పండ్లు అప్పుడే ఊడి కొత్తయి వస్తుండె. రాత్రంత అదే మొఖం కండ్లల్ల మెదిలింది.

శనివారం కరీంనగర్ నుంచి పొద్దుగాల బస్సుకు వస్త, రెండు మాస్కులు, సకినాలు తెస్త. అప్పటిదాంక రోజు మాపటికి ఐదు ముప్పావుకు ఫోన్ చేస్త. ఎత్తు. నీ ఎనుక బంతి సప్పుడు నాకు వినపడొద్దు.

మీ పెద్దమ్మ