కేబీఆర్ పార్కులో రాలిన ఆకులు ఊడ్వరెందుకు? నెమళ్లకు గింజలు ఎందుకు వేయకూడదు?

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య ఉన్నా, చట్టం దృష్టిలో కేబీఆర్ (కాసు బ్రహ్మానంద రెడ్డి) పార్కు అడవే. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోనైతే స్థానికుల హక్కులు కొన్ని కొనసాగనివ్వచ్చు. జాతీయ ఉద్యానవనంలో ఆ వెసులుబాటు లేదు. పశువుల్ని మేపకూడదు, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా హద్దులూ మార్చకూడదు. ఇంత గట్టి రక్షణ ఊరి నడిబొడ్డున ఉండటం మన అదృష్టమనే నా అభిప్రాయం.

ఇక నెమలి సంగతి. వాకింగ్‌కు వచ్చి ప్రేమతోనే గుప్పెడు మరమరాలు వేస్తాం. దాంతో అది మనుషులకు అలవాటుపడి కంచె దాకా వస్తుంది, అవతల కుక్కలుంటాయి. దానికి కావాల్సిన పురుగులు, చెదలు ఆ ఎండుటాకుల కిందే దొరుకుతాయి. ఊడ్చేస్తే ఆ తిండి పోతుంది, వాన నీళ్లు ఇంకడమూ తగ్గుతుంది.