గట్లు కొలిచే చదువుకు పాతిక లక్షల అప్పా?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె, వ్యవసాయం. మా అమ్మాయి బి.ఎ. హిస్టరీ ఫైనలియర్. ఇంగ్లండ్ వెళ్లి ఆర్కియాలజీ చదివి, యార్క్‌షైర్ కొండల మీది పాతకాలపు మట్టిగట్లు సర్వే చేస్తానంటోంది. పాతిక లక్షలు అప్పు చేయాలి. గట్లు కొలిస్తే ఉద్యోగం ఎవరిస్తారు సార్?

జవాబు: గట్టు అనగానే మీకు పొలం గట్టే గుర్తొచ్చి ఉంటుంది. అది తప్పేం కాదు. యార్క్‌షైర్‌లో నార్త్ యార్క్ మూర్స్ అనే కొండ ప్రాంతం పడమటి అంచున, హాంబుల్టన్ కొండల మీద క్లీవ్ డైక్ అని ఒకటుంది. ఒక కందకం, అందులోంచి తీసిన మట్టితో పక్కనే పోసిన గట్టు. దాదాపు 9 కిలోమీటర్ల పొడవు. కంచు యుగం చివర్లోనో ఇనుప యుగంలోనో ఎవరి భూమి ఎంతవరకో చెప్పడానికి వేసిన హద్దు అని నిపుణుల అంచనా. తర్వాతి కాలంలో దున్ని దున్ని చాలాచోట్ల చదును చేసేశారు.

అక్కడ సర్వే అంటే తవ్వకం కాదు. రక్షిత స్థలాల్లో తవ్వాలంటే 1979 నాటి చట్టం కింద ప్రభుత్వ అనుమతి ఉండాలి. కొండ మీద ఫెర్న్ పొదలు ఎండి పడిపోయే చలికాలంలో, ఏటవాలు ఎండకు నీడలు సాగినప్పుడు గట్టు బాగా కనిపిస్తుంది. అప్పుడు రోవర్ (ఉపగ్రహాల సాయంతో మనం నిలబడిన చోటును కచ్చితంగా కొలిచే పరికరం) పట్టుకుని గట్టు వెంట నడవాలి. వాలు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, రెండు గట్లు కలిసినచోట ఏది ముందుది? ఇవి మిషన్ చెప్పదు, మనిషే చూసి తేల్చి గీయాలి. ఈ పనిలో నాకు నచ్చేది కూడా అదే.

ఇక జీతం సంగతి. బ్రిటన్‌లో ఇళ్లకో రోడ్డుకో అనుమతి ఇచ్చేటప్పుడు, అవసరమైన చోట పురావస్తు పరిశీలన చేయించాలని షరతు పెడతారు. ఆ ఖర్చు ఇల్లో రోడ్డో నిర్మించేవాళ్లదే. ఎక్కువ ఉద్యోగాలు ఆ పని చేసే సంస్థల్లోనే. అక్కడి లెక్కలో జీతాలు తక్కువ, మొదట్లో చిన్న చిన్న కాంట్రాక్టులు. చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు 2 ఏళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. అప్పు తీర్చడానికి ఈ లెక్క చాలదు. ఈ ఏడాది అప్పు చేయొద్దనే నా మాట.

అలాగని అమ్మాయికి వద్దని చెప్పకండి. ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైడార్ డేటాను, అంటే విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుపల్లాల లెక్కను, ఉచితంగా ఇస్తోంది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. హాంబుల్టన్ కొండల డేటా దించుకుని క్లీవ్ డైక్‌ను స్వయంగా మ్యాప్ చేయమనండి. రెండు నెలలకు విసుగొస్తే మీ డబ్బు మిగిలినట్టే. రాకపోతే పుణేలోని దక్కన్ కాలేజీలో ఎం.ఎ. ఆర్కియాలజీకి ప్రయత్నించమనండి, పక్కనే టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే పద్ధతి) నేర్చుకోమనండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్ లాంటిదే ఆ కొండల మీదా వాడతారు. అది వచ్చినవాళ్లకు ఇక్కడా పని దొరుకుతుంది. ఇంగ్లండ్ సంగతి, స్కాలర్‌షిప్ దొరికితే, ఆ తర్వాత చూద్దాం.

ఆ మ్యాప్ గీసేటప్పుడు మీరూ ఒకసారి పక్కన కూర్చోండి. గట్టు ఎక్కడ దున్నకంలో పోయిందో అమ్మాయికన్నా ముందు మీరే పట్టేస్తారేమో.