స్ట్రెయిట్ రేజర్ నూరడం నేర్చుకోవడానికి మొదట ఏ రాళ్లు కొనాలి?

స్ట్రెయిట్ రేజర్‌తో షేవింగ్ చేతికి అలవాటైంది, ఇక సాన కూడా సొంతంగా పట్టుకుందామనుకుంటున్నారు. 12000 గ్రిట్ రాయి (గ్రిట్ అంటే రాయి రేణువుల సన్నదనం చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి నున్నన) లేకుండా మొదలుపెట్టొద్దని ఒకరు, బెల్జియం సహజ రాయి ఒక్కటుంటే చాలని మరొకరు మీకు చెప్పారు. వంటింటి కత్తులు నూరే రాయి ఇంట్లో ఉంది, అది పనికొస్తుందా అని కూడా అడిగారు. కొన్నేళ్లుగా ఈ పని ఇష్టపడి చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఒక 1000 రాయి, ఒకవైపు 4000, ఇంకోవైపు 8000 ఉండే జంట రాయి, ఈ రెండింటినీ చదును చేయడానికి ఒక డైమండ్ ప్లేటు. నేర్చుకునేవాళ్లకు ఇవి సరిపోతాయి. వీటిలో ఒక్కదాని మీదే గట్టిగా డబ్బు పెట్టగలిగితే 1000 రాయి మీద పెట్టండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు: చివరి రాయి ఖరీదైనది కొని, మొదటిది ఏదో ఒకటిలే అని తెచ్చుకుంటారు.

వంటింటి కత్తికి లేని సౌలభ్యం ఒకటి రేజర్‌కి ఉంది. నూరేటప్పుడు రేజర్ వీపు, వాదర రెండూ రాయికి ఆనుకునే ఉంటాయి. వీపు మందం, బ్లేడు వెడల్పు కలిసి కోణాన్ని ముందే ఖాయం చేసేస్తాయి. చాలా రేజర్లలో రెండు పక్కలా కలిపి అది 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి కోణం తప్పుతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. మీరు చేయాల్సిందల్లా రెండు పక్కల బెవెళ్లూ, అంటే వాదర పక్కన రాయికి అరిగే సన్నటి ఏటవాలు తలాలు, మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా ఒకే గీత మీద కలిసేలా చూడటం. అవి కలిసేది 1000 మీదే. 8000 రాయి లోహాన్ని చాలా కొద్దిగా తీస్తుంది. కలవని బెవెల్‌ని మెరిపిస్తుందే గానీ కలపలేదు. గోడ వంకరగా కట్టుకుని రంగు ఎంత నున్నగా వేస్తే ఏం లాభం? వెంట్రుక తెగకుండా లాగుతోంది, ఇంకా నున్నటి రాయి కొనాలేమో అంటూ తెలిసినవాళ్లు నాకు తెచ్చి చూపించిన రేజర్లలో చాలావాటికి లోపం 1000 దగ్గరే ఉంది.

బెవెల్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మూడు గుర్తులు చూస్తాను. మొదటిది దీపం వెలుగు. వాదరను పైకి తిప్పి, దీపం కింద నెమ్మదిగా అటూ ఇటూ వంచి చూడండి. రెండు బెవెళ్లు నిజంగా కలిసిన చోట వెలుగును వెనక్కి కొట్టే తలమే ఉండదు, నల్లగా కనిపిస్తుంది. సన్నటి మెరుపు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టే. పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్ ఉంటే మరీ తేలిక. రెండోది నీళ్లు. రాయి మీద పల్చగా నీళ్లు ఉంచి వాదరను ముందుకు నడిపేటప్పుడు దాని ముందున్న నీటిని గమనించండి. పని కాకముందు నీళ్లు వాదర కిందికి జారిపోతాయి. కలిశాక వాదర నీటి పొరను రాయి మీద నుంచి ఒలిచినట్టు లేపుతుంది, నీళ్లు బ్లేడు మీదికి ఎక్కుతాయి. అది కొన దాకా ఒకేలా జరగడం చూస్తే భలే తృప్తిగా ఉంటుంది. మూడోది ముంజేతి మీద వెంట్రుకలు. 1000 మీద నుంచి తీసిన వాదర చర్మానికి దగ్గరగా వాటిని తేలిగ్గా తీసేయాలి, మడమ దగ్గరా, మధ్యలోనూ, కొన దగ్గరా కూడా. ఈ మూడూ సరిపోయేదాకా 4000 వైపు చూడకండి.

ఈ గుర్తులు స్పష్టంగా తెలిసేది రాయి తిన్నగా ఉంటేనే, అందుకే డైమండ్ ప్లేటుని మొదటి లిస్టులోనే చెప్పాను. కొత్త రాయి కూడా కచ్చితంగా చదునుగా ఉంటుందని అనుకోవద్దు. పెన్సిల్‌తో రాయి మీద అడ్డంగా నిలువుగా గళ్లు గీసి, నీళ్లు పోసి, ప్లేటుతో రుద్దండి. గీతలు మిగిలిన చోటు పల్లం. అన్నీ చెరిగిపోతే చదును అయినట్టు. డీఎంటీ 325, అటోమా 400 ప్లేట్లు ఈ పనికి బాగా పేరున్నవి. ప్లేటు ఇప్పుడే వద్దనుకుంటే మందపాటి గాజు పలక మీద వాటర్‌ప్రూఫ్ సాండ్‌పేపర్ పరిచి రుద్దినా అవుతుంది, కాకపోతే చేయి నొప్పి పుడుతుంది. చదును చేసే ప్రతిసారీ రాయి అంచుల పదును కూడా కాస్త విరిచి గుండ్రం చేయండి, లేకపోతే ఆ అంచు తగిలి వాదరకి నొక్కు పడుతుంది.

ఇక ఏ కంపెనీ అంటే, సింథటిక్ రాళ్లలో ఏ మంచి కంపెనీదైనా పరవాలేదు, అన్నీ ఒకే సిరీస్‌వి తీసుకుంటే ఇంకా మేలు. అంకెలు కంపెనీని బట్టి మారిపోతాయి: జపాన్ కొలమానంలో 8000 అంటే రేణువు సుమారు 1.2 మైక్రాన్లు, నార్టన్ 8000 అంటే 3 మైక్రాన్లు. రెండింటి మీదా ఒకే అంకె ఉన్నా పని ఒకటి కాదు. నార్టన్ 4000/8000 జంట రాయి ఎంతోమంది ఈ పని నేర్చుకున్న రాయి, వాడే ముందు కాసేపు నానబెట్టాలి. షాప్టన్ రాళ్లకి నానబెట్టే పని లేదు, నీళ్లు చిలకరిస్తే చాలు. నానివా చోసెరా 1000 చురుగ్గా కోస్తుంది, కానీ గంటల తరబడి నీళ్లలో వదిలేస్తే పగుళ్లు వస్తాయి. నానివా సూపర్ స్టోన్ మెత్తన, చేయి బరువు వేస్తే కొన దాంట్లోకి దిగబడుతుంది. వెడల్పు 75 మిల్లీమీటర్ల దాకా ఉంటే బ్లేడు దాదాపు మొత్తం ఒకేసారి ఆనుతుంది. అంతకన్నా సన్నటి రాయి మీద నూరాలంటే బ్లేడుని మడమ నుంచి కొన వైపుకి ఏటవాలుగా లాగే ఎక్స్ స్ట్రోక్ తప్పదు, అది ఎలాగూ నేర్చుకోవాల్సిందే.

8000 మీద తేలికపాటి చేత్తో ముగించి, తోలు పట్టా మీద బాగా తీస్తే హాయిగా షేవింగ్ అవుతుంది. ఇంకాస్త మృదువుగా కావాలంటే 0.5 మైక్రాన్ల క్రోమియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి పూసిన పట్టా మీద నాలుగు సార్లు చాలు. 12000 రాయి మంచిదే, నా దగ్గరా ఉంది. కానీ మీ 8000 ప్రతిసారీ ఒకేలా రావడం మొదలయ్యాకే దానివల్ల వచ్చే తేడా ముఖానికి తెలుస్తుంది.

బెల్జియం రాయి విషయానికొస్తే, మీకు చెప్పినాయన అబద్ధం చెప్పలేదు. ఆర్డెన్ కొండల్లో దొరికే పసుపుపచ్చ కోటిక్యూల్ రాయిలో అతి చిన్న గార్నెట్ రేణువులుంటాయి. దాని మీద చిన్న రాయితో రుద్ది పాలలాంటి స్లర్రీ లేపితే వేగంగా కోస్తుంది. ఆ స్లర్రీని నీళ్లతో కొద్దికొద్దిగా పల్చన చేస్తూ పోతే అదే రాయి చివరి మెరుగూ ఇస్తుంది. చివరి రాయిగా ఇప్పుడు నేను వాడేది అదే, దాని మీద వచ్చిన వాదర చర్మానికి ఎంత చల్లగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. అయినా నేర్చుకునేటప్పుడు వద్దంటాను. సహజ రాళ్లు ఏ రెండూ ఒకలా ఉండవు. పదును రాకపోతే లోపం మీ చేతిదా, రాయిదా, స్లర్రీదా అని తేల్చుకునే దారి ఉండదు. క్యోటో దగ్గరి జపాన్ సహజ రాళ్లకీ ఇదే మాట.

రాళ్లు కొనే ముందే చేయాల్సింది ఒకటుంది: చేయి తిరిగినవాళ్లతో ఒక రేజర్ నూరించుకుని పక్కన పెట్టుకోండి. దాన్ని తోలు పట్టా మీద తీస్తూ వాడండి, రాయికి మాత్రం తగిలించకండి. మీరు నూరినదానితో ఒక చెంప, దానితో ఇంకో చెంప గీసుకుంటే ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది. నేర్చుకునే రేజర్ పాతదైనా సరే గానీ వంకర లేనిది చూడండి. గాజు మీద పెట్టి రెండు చివర్లా మెల్లగా నొక్కితే అటూ ఇటూ ఊగకూడదు.

చివరగా ఆ వంటింటి రాయి. అది 1000 గ్రిట్ వాటర్‌స్టోన్ (నీళ్లతో వాడే రాయి) అయి, చదును చేశాక గళ్ల గీతలన్నీ చెరిగిపోతే నిస్సందేహంగా దానితోనే మొదలుపెట్టండి, అప్పుడు మీరు కొనాల్సింది జంట రాయి, ప్లేటు మాత్రమే. నల్లగా, గరుకుగా రెండు వైపులా ఉండే కార్బొరండం రాయి అయితే వద్దు, అది రేజర్ వాదరని చీరేస్తుంది. నూనె తాగిన రాయి కూడా వద్దు. ఒకసారి రేజర్‌కి కేటాయించాక ఆ 1000 మీద మళ్లీ వంటింటి కత్తులు నూరకండి, మధ్యలో పల్లం పడేది వాటివల్లే.